పాఠం 14: శాసనసభ్యుడు, రవాణా శాఖ, మన బస్సు

మీరు జంషెడ్‌పూర్‌లో ఉంటున్నారనుకోండి. శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు నుంచి ఉక్కు కర్మాగారంలో పనికి వచ్చి, మూడు నాలుగు తరాలుగా అక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో మీదీ ఒకటి కావచ్చు. బిష్టుపూర్‌లో మీ ఇల్లు. ఖర్కాయి నది మీది వంతెన దాటితే ఆదిత్యపూర్. అక్కడి పారిశ్రామిక వాడలో మీ ఉద్యోగం. వంతెనకు ఇవతల తూర్పు సింగ్‌భూమ్ జిల్లా, అవతల సరాయికేలా-ఖర్సావాన్ జిల్లా. రాత్రి షిఫ్టు దిగి రోడ్డు మీదికి వచ్చేసరికి బస్సు లేదు. ఆటోవాడు ఎంతంటే అంత ఇచ్చుకోవాలి.

ఇప్పుడు మీరు ఎవరిని అడగాలి? సంపర్క తరగతుల్లో ఈ ప్రశ్న వేస్తే చాలామంది అభ్యాసకులు "కలెక్టరుగారిని" అంటారు. కొందరు "ఎం.పి.ని" అంటారు. "మా ఎమ్మెల్యేని" అనేవాళ్ళు తక్కువ. ఎమ్మెల్యే అంటే పెళ్ళిళ్ళకు వచ్చేవాడు, రేషను కార్డు ఇప్పించేవాడు అనే అభిప్రాయం మనలో బలంగా ఉంది. బస్సు విషయంలో మాత్రం అసలు అధికారం చాలావరకు రాష్ట్ర శాసనసభ దగ్గరే ఉంది. అది ఎలాగో ఈ పాఠంలో ఒక శాసనసభ్యుని జీవితం ఆధారంగా తెలుసుకుందాం.

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు రోడ్డు రవాణాలో కేంద్రానికి, రాష్ట్రానికి ఉన్న అధికారాలను వేరుచేసి చెప్పగలుగుతారు. శాసనసభ్యునిగా, మంత్రిగా ఒకే వ్యక్తి చేయగల పనుల్లోని తేడాను వివరించగలుగుతారు. సొంత బస్సులు నడిపే రాష్ట్రాన్నీ, నడపని రాష్ట్రాన్నీ పోల్చగలుగుతారు.

14.1 ఒక బస్సు, మూడు జాబితాలు

మన రాజ్యాంగంలోని ఏడవ షెడ్యూలులో మూడు జాబితాలు ఉన్నాయని పౌరశాస్త్రంలో ఇంతకుముందే చదివారు. మీరు ఎక్కే బస్సు ఈ మూడు జాబితాల గుండానే వెళుతుంది. జాతీయ రహదారులు కేంద్ర జాబితాలో 23వ అంశం. మిగిలిన రోడ్లు, వంతెనలు రాష్ట్ర జాబితాలో 13వ అంశం. వాహనాల మీద పన్ను రాష్ట్ర జాబితాలోనే 57వ అంశం. ఇంజనుతో నడిచే వాహనాలకు సంబంధించిన చట్టం ఉమ్మడి జాబితాలో 35వ అంశం. ఆ అంశం కిందనే పార్లమెంటు 1988లో మోటారు వాహనాల చట్టం చేసింది.

చట్టం చేసింది పార్లమెంటే అయినా, దాన్ని అమలు చేసేది రాష్ట్రం. ఏ దారిలో ఏ బస్సుకు పర్మిటు ఇవ్వాలో నిర్ణయించేవి ఆ చట్టం కింద రాష్ట్రం ఏర్పాటు చేసే రవాణా ప్రాధికార సంస్థలు. చార్జీలు ఎంత ఉండాలో ఆదేశించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానిది. పన్ను ఎంతో చెప్పేది శాసనసభ చేసిన చట్టం.

దీనివల్ల వచ్చే చిక్కు కూడా చూడండి. జంషెడ్‌పూర్ నుంచి రాంచీకి సుమారు 130 కిలోమీటర్లు. ఈ దారి జాతీయ రహదారి. పాత లెక్కలో 33వ నంబరు. దీన్ని నాలుగు వరుసలుగా వెడల్పు చేసే పని ఏళ్ళ తరబడి నత్తనడక నడిచింది. విషయం జార్ఖండ్ హైకోర్టు దాకా వెళ్ళింది. గుంతల్లో పడి లేచిన ప్రయాణికులు స్థానిక ఎమ్మెల్యేలనే తిట్టుకున్నారు. ఆ రోడ్డు మాత్రం శాసనసభ పరిధిలోది కాదు. అదే రోడ్డు మీద తిరిగే బస్సుకు పర్మిటు, చార్జీ, పన్ను రాష్ట్రానివి. తిట్టేముందు ఎవరిని తిట్టాలో తెలిసి ఉండడం కూడా పౌరుని చదువులో భాగమే.

14.2 జిలింగ్‌గోడా నుంచి పట్నాకు

సరాయికేలా శాసనసభ స్థానం షెడ్యూల్డు తెగలకు కేటాయించినది. ఆదిత్యపూర్ పారిశ్రామిక వాడ, గమ్హరియా ఈ నియోజకవర్గంలోనివే. అంటే జంషెడ్‌పూర్‌కు నది అవతలి ఒడ్డు. ఈ స్థానానికి అందరికంటే ఎక్కువ కాలం ప్రాతినిధ్యం వహించిన వ్యక్తి చంపయీ సోరెన్.

ఆయన 1956లో జిలింగ్‌గోడా అనే గ్రామంలో ఒక సంతాల్ రైతు కుటుంబంలో పుట్టారు. చదువు పదవ తరగతి వరకు. ఈ మాట మీ కోసం ప్రత్యేకంగా రాస్తున్నాను. మీలో చాలామంది ఆ పదవ తరగతి కోసమే ఈ పుస్తకం పట్టుకున్నారు. ప్రత్యేక జార్ఖండ్ ఉద్యమంలో శిబూ సోరెన్ వెంట నడిచారు. పేర్లు కలిసినా ఇద్దరూ బంధువులు కారు. సోరెన్ అనేది సంతాలులలో ఒక గోత్రం పేరు. జంషెడ్‌పూర్ ప్రాంతంలో పర్మనెంటు కాని కూలీల పక్షాన పోరాటాలు చేసి పేరు తెచ్చుకున్నారు. కోల్హాన్ ప్రాంతంలో ఆయన్ని 'కోల్హాన్ టైగర్' అని పిలవడం అప్పటినుంచి వచ్చింది.

1991లో జరిగిన ఉప ఎన్నికలో స్వతంత్ర అభ్యర్థిగా గెలిచి బీహార్ శాసనసభలో అడుగుపెట్టారు. అప్పటికి జార్ఖండ్ లేదు. ఆదిత్యపూర్‌లో ఒక వంతెన గురించి మాట్లాడాలన్నా పట్నా వెళ్ళాల్సిందే. గంగకు ఆనుకొని ఉన్న పట్నా నుంచి చూస్తే సింగ్‌భూమ్ రాష్ట్రానికి చివరి మూల. ప్రత్యేక రాష్ట్రం కోరినవారు చెప్పిన కారణాల్లో ఈ దూరం కూడా ఒకటి.

1995లో జార్ఖండ్ ముక్తి మోర్చా తరఫున మళ్ళీ గెలిచారు. 2000 ఎన్నికల్లో ఓడిపోయారు. అదే ఏడాది నవంబరు 15న జార్ఖండ్ రాష్ట్రం ఏర్పడింది. దానికోసం పోరాడిన మనిషి దాని మొట్టమొదటి శాసనసభలో సభ్యుడు కాలేదు! ఎన్నికల్లో ఇలాంటివి జరుగుతుంటాయి. 2005లో వెయ్యిలోపు ఓట్ల ఆధిక్యంతో తిరిగి వచ్చారు. ఆ తరువాత 2009, 2014, 2019లలో గెలిచారు. 2014లో కూడా ఆధిక్యం వెయ్యి పైచిలుకే. "నా ఒక్క ఓటుతో ఏమవుతుంది?" అనే వారికి ఈ రెండు ఎన్నికలు చూపించండి.

పాఠగత ప్రశ్నలు 14.1

1. వాహనాల మీద పన్ను వేసే అధికారం ఏ జాబితాలో ఉంది?
2. చంపయీ సోరెన్ మొదట ఏ రాష్ట్ర శాసనసభకు ఎన్నికయ్యారు? ఎందుకు?

14.3 సభ్యుని పని, మంత్రి పని

శాసనసభ్యుడు బస్సు నడపలేడు, పర్మిటు ఇవ్వలేడు. ఆయన చేతిలో ఉండేది ప్రశ్న. ప్రశ్నోత్తరాల సమయంలో నక్షత్ర గుర్తు గల ప్రశ్న వేస్తే మంత్రి సభలో నోటితో సమాధానం చెప్పాలి. దానిమీద అనుబంధ ప్రశ్నలు వేయవచ్చు. గుర్తు లేని ప్రశ్నకు రాతపూర్వకంగా జవాబు వస్తుంది. బడ్జెటు సమావేశంలో రవాణా శాఖ పద్దు వచ్చినప్పుడు "ఈ డబ్బు చాలదు" అనో, "ఇది వృథా" అనో అనవచ్చు, కోత తీర్మానం ఇవ్వవచ్చు. మంత్రి అయితే సంగతి వేరు. అప్పుడు ప్రశ్న వేసే బల్ల నుంచి జవాబు చెప్పే బల్లకు మారతాడు.

చంపయీ సోరెన్ 2010లో తొలిసారి మంత్రి అయ్యారు. అప్పుడు ఆయన శాఖలు వేరు. 2013 జులైలో ఏర్పడిన హేమంత్ సోరెన్ ప్రభుత్వంలో ఆహార, పౌర సరఫరాలతోపాటు రవాణా శాఖ వచ్చింది. 2014 డిసెంబరులో ఆ ప్రభుత్వం పోయింది. తిరిగి 2020 జనవరి నుంచి 2024 జనవరి చివరి వరకు రవాణా శాఖతోపాటు షెడ్యూల్డు తెగలు, షెడ్యూల్డు కులాలు, వెనుకబడిన తరగతుల సంక్షేమ శాఖ నిర్వహించారు.

ఒకే మనిషికి ఇన్ని శాఖలు ఎందుకు అని మీకు సందేహం రావచ్చు. 2003లో వచ్చిన 91వ రాజ్యాంగ సవరణ ప్రకారం మంత్రుల సంఖ్య సభ బలంలో 15 శాతం మించరాదు. జార్ఖండ్ శాసనసభలో 81 స్థానాలు. లెక్క కట్టండి: ముఖ్యమంత్రితో కలిపి 12 మంది. శాఖలు అంతకు చాలా ఎక్కువ. కనుక రవాణా ఎప్పుడూ ఇంకో శాఖకు తోడుగానే వెళుతుంది. పైగా, రాజ్యాంగం 164వ అధికరణం ప్రకారం జార్ఖండ్‌లో గిరిజన సంక్షేమానికి ఒక మంత్రి తప్పనిసరిగా ఉండాలి. ఆ బాధ్యతా ఆయన దగ్గరే ఉండేది. కొండ గ్రామం నుంచి హాస్టలుకు వెళ్ళే పిల్లకు ఈ రెండు శాఖలూ ఒకటే. బస్సు లేకపోతే హాస్టలు ఉన్నా లేనట్టే.

14.4 కార్పొరేషను లేని రాష్ట్రం

ఆంధ్రప్రదేశ్‌లోనో తెలంగాణలోనో పెరిగిన మనకు బస్సు అంటే ఆర్టీసీ బస్సే. 1932లో నిజాం రాష్ట్ర రైలు, రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో మొదలైంది. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ ఏర్పడింది. దాని వెనుక 1950లో పార్లమెంటు చేసిన రోడ్డు రవాణా కార్పొరేషన్ల చట్టం ఉంది.

మన వైపు ఈ పని తేలిగ్గా జరగలేదు. ప్రైవేటు బస్సుల దారులను జాతీయం చేసే క్రమంలో కృష్ణా జిల్లా బస్సు యజమానులు సుప్రీంకోర్టుకు వెళ్ళారు. అభ్యంతరాలు విన్నది కార్యదర్శి, నిర్ణయం చేసింది ముఖ్యమంత్రి. విన్నవాడు ఒకడు, తేల్చేవాడు ఇంకొకడు అయితే అది న్యాయం కాదని కోర్టు అన్నది. న్యాయశాస్త్ర విద్యార్థులు ఈనాటికీ ఆ తీర్పు చదువుతారు. తరువాత కర్నూలు జిల్లా దారుల వ్యవహారంలో, రాజకీయ ప్రత్యర్థుల బస్సులను దెబ్బతీయడానికే జాతీయం చేశారన్న ఆరోపణ వచ్చింది. దాన్ని ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి ఖండిస్తూ ప్రమాణపత్రం ఇవ్వలేదని 1964లో సుప్రీంకోర్టు గుర్తించి ఆ పథకాన్ని కొట్టివేసింది. ఆయన పదవికి రాజీనామా చేశారు. తరువాత రాష్ట్రపతి అయ్యారు, అది వేరే కథ. బస్సు దారి ఎవరికి దక్కాలన్నది ముఖ్యమంత్రి కుర్చీని కదిలించగల విషయమని మాత్రం గుర్తుంచుకోండి.

జార్ఖండ్ పరిస్థితి ఇందుకు పూర్తిగా భిన్నం. విడిపోయిన తరువాత ఆ రాష్ట్రం తన సొంత రోడ్డు రవాణా కార్పొరేషను ఏర్పాటు చేసుకోలేదు. జిల్లాల మధ్య తిరిగేవి ప్రధానంగా ప్రైవేటు బస్సులే. జంషెడ్‌పూర్ మానగో బస్టాండులో నిలబడి చూస్తే ఈ సంగతి తెలుస్తుంది. జవహర్‌లాల్ నెహ్రూ పట్టణ నవీకరణ పథకం కింద నగరానికి వచ్చిన సిటీ బస్సులు కూడా ఎక్కువ కాలం తిరగలేదు.

అక్కడి రవాణా మంత్రి చేతిలో డిపోలు లేవు, డ్రైవర్లు లేరు. ఉన్నవి పర్మిటు, పన్ను, చార్జీ, తనిఖీ. లాభం వచ్చే దారిలో బస్సు వేయమని ప్రైవేటు యజమానికి చెప్పనవసరం లేదు. అడవి అంచు గ్రామానికి వేయమంటే వినడు. వినమని బలవంతం చేసే అధికారం పెద్దగా లేదు. ఈ సంగతి తెలియకుండా ఆయన పనిని మన ఆర్టీసీతో పోల్చి తీర్పు చెప్పడం సరికాదు. అలాగని కార్పొరేషను పెట్టకపోవడాన్ని సమర్థించడం నా ఉద్దేశం కాదు. ఏ పార్టీ ప్రభుత్వం వచ్చినా ఆ పని వాయిదా పడుతూనే వచ్చింది. నా దృష్టిలో అది లోపమే.

14.5 లింగంపల్లి నుంచి హటియాకు

2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలైంది. అప్పటికి చంపయీ సోరెన్ రవాణా శాఖ చేపట్టి రెండు నెలలైనా నిండలేదు. జార్ఖండ్ కూలీలు లక్షల మంది ఇతర రాష్ట్రాల్లో చిక్కుకుపోయారు. తెలంగాణలో సంగారెడ్డి జిల్లా కందిలోని ఐ.ఐ.టి. నిర్మాణంలో పనిచేస్తున్న వారు వారిలో ఉన్నారు.

ఏప్రిల్ 29న కేంద్ర హోం శాఖ వలస కార్మికులను స్వస్థలాలకు తీసుకువెళ్ళడానికి అనుమతి ఇచ్చింది. ఆ ఆదేశంలో ఉన్నది బస్సుల ద్వారా ప్రయాణం. హైదరాబాదు నుంచి రాంచీకి వెయ్యి కిలోమీటర్లకు పైమాటే. వేల మందిని, దూరదూరంగా కూర్చోబెట్టి, వేసవి ఎండలో బస్సుల్లో తీసుకువెళ్ళడం అయ్యే పనేనా? రాష్ట్రాలు రైళ్ళు అడిగాయి. మే 1న తెల్లవారుజామున లింగంపల్లి స్టేషను నుంచి 24 పెట్టెల రైలు సుమారు 1,200 మందితో బయలుదేరి, ఆ రాత్రికి రాంచీ పక్కనున్న హటియా చేరింది. లాక్‌డౌన్‌లో దేశంలో నడిచిన మొట్టమొదటి శ్రామిక రైలు అదే. అది మేడే కావడం కార్మికులు గుర్తుపెట్టుకున్న విషయం.

రైలు కేంద్రానిది. హటియాలో దిగిన మనిషి తన జిల్లాకు, తన ఊరికి చేరాలంటే మాత్రం బస్సు కావాలి. అది రాష్ట్రం బాధ్యత. స్టేషను దగ్గర బస్సులు వరుసగా నిలబెట్టి, జిల్లాలవారీగా పంపించారు. 14.1లో చెప్పిన జాబితాలు ఆ రాత్రి హటియా ప్లాట్‌ఫారం మీద కళ్ళకు కట్టినట్టు కనిపించాయి. ఘనత ఏ ఒక్క మంత్రిదీ కాదు. రెండు రాష్ట్రాల అధికారులు, రైల్వేవారు, వైద్య సిబ్బంది అందరిదీ.

14.6 గ్రామ్ గాడీ

కార్పొరేషను లేకుండా పల్లెకు బస్సు ఎలా పంపాలి? దీనికి జార్ఖండ్ ఎంచుకున్న దారి 'ముఖ్యమంత్రి గ్రామ్ గాడీ యోజన'. చంపయీ సోరెన్ రవాణా మంత్రిగా ఉన్న కాలంలో తయారై, 2024లో ఆయనే ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు రోడ్డెక్కిన పథకమిది. గ్రామాల నుంచి మండల, జిల్లా కేంద్రాలకు బండి నడపడానికి ముందుకు వచ్చిన యజమానికి ప్రభుత్వం పన్నులోనూ, పర్మిటు రుసుములోనూ రాయితీ ఇస్తుంది. బండి కొన్న అప్పు వడ్డీలో కొంత భరిస్తుంది. వృద్ధులు, విద్యార్థులు, వికలాంగులు, వితంతువులు, జార్ఖండ్ ఉద్యమకారులు టికెట్టు లేకుండా ప్రయాణించవచ్చు. వారి చార్జీ యజమానికి ప్రభుత్వం ఇవ్వాలి.

ఆ చివరి వాక్యంలోనే కిటుకు ఉంది. ఊహకు ఒక లెక్క వేద్దాం. చార్జీ 20 రూపాయలు, బండిలో 30 మంది. అందరూ టికెట్టు కొంటే ఒక ట్రిప్పుకు 600 రూపాయలు. అందులో 12 మంది ఉచితంగా ఎక్కితే చేతికి వచ్చేది 360. లోటు 240. రోజుకు నాలుగు ట్రిప్పులైతే 960. నెలకు 26 రోజులు తిప్పితే 24,960 రూపాయలు. ప్రభుత్వం నెలనెలా ఈ మొత్తం చెల్లిస్తే బండి నడుస్తుంది. ఆరు నెలలు ఆలస్యమైతే బాకీ 1,49,760 రూపాయలు. డీజిలు బంకువాడు అన్నాళ్ళు ఆగడు. అప్పు ఇచ్చిన బ్యాంకు అసలే ఆగదు. అప్పుడు యజమాని ఏం చేస్తాడు? ముందు ముసలివాళ్ళను చూసి బండి ఆపడం మానేస్తాడు. తరువాత ఆ దారే మానేస్తాడు.

తెలంగాణలో 2023 డిసెంబరు 9న మహిళలకు ఉచిత బస్సు ప్రయాణం మొదలైంది. అక్కడా లోటు భర్తీ చేయాల్సింది ప్రభుత్వమే. తేడా ఏమిటంటే, బాకీ ఆలస్యమైనా ఆర్టీసీ బస్సు మరునాడు డిపోలోంచి బయటికి వస్తుంది. ప్రైవేటు యజమాని నుంచి ఆ ఓపిక ఆశించలేం. కనుక ఇలాంటి పథకం బాగోగులు తెలుసుకోవాలంటే ప్రారంభోత్సవం ఫొటో చూడకండి. బకాయి ఎంత ఉందని ఏ సభ్యుడైనా శాసనసభలో అడిగాడా, మంత్రి ఏం జవాబు చెప్పారు అని చూడండి.

పాఠగత ప్రశ్నలు 14.2

3. జార్ఖండ్‌లో ముఖ్యమంత్రితో కలిపి 12 మంది కంటే ఎక్కువ మంత్రులు ఎందుకు ఉండరాదు?
4. హటియాకు వచ్చిన ప్రయాణంలో కేంద్రం పని ఏది, రాష్ట్రం పని ఏది?

14.7 అయిదు నెలలు, ఆ తరువాత

2024 జనవరి 31న ముఖ్యమంత్రి హేమంత్ సోరెన్ రాజీనామా చేశారు. ఆ రాత్రే ఈ.డి. ఆయన్ని అరెస్టు చేసింది. ఫిబ్రవరి 2న చంపయీ సోరెన్ ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. హేమంత్ సోరెన్ బెయిలుపై విడుదలైన తరువాత, జులై 3న చంపయీ రాజీనామా చేశారు. కొద్ది రోజులు మళ్ళీ మంత్రిగా ఉన్నా, తనకు అవమానం జరిగిందని బహిరంగంగా చెప్పి, ఆగస్టు 30న భారతీయ జనతా పార్టీలో చేరారు. నవంబరు ఎన్నికల్లో అదే సరాయికేలా నుంచి కొత్త పార్టీ గుర్తు మీద ఏడవసారి గెలిచారు. ఓడిపోయినది గణేశ్ మహాలి. అంతకుముందు రెండు ఎన్నికల్లో భా.జ.పా. అభ్యర్థిగా ఆయనతో తలపడినదీ గణేశ్ మహాలే. ఇద్దరూ పార్టీలు మార్చుకుని మళ్ళీ ఎదురుపడ్డారన్నమాట.

దీన్ని మెచ్చుకునేవారూ ఉన్నారు, తప్పుపట్టేవారూ ఉన్నారు. ఆ తగువు తీర్చడం ఈ పాఠం పని కాదు. ఇక్కడ మనకు కావలసింది ఒక్క విషయం. 1991 నుంచి లెక్క వేస్తే ఆయన సభలో ఉన్న కాలం దాదాపు మూడు దశాబ్దాలు. అందులో రవాణా శాఖ ఆయన దగ్గర ఉన్నది అయిదున్నర ఏళ్ళ లోపే. మిగిలిన కాలమంతా ఆయన ఒక సభ్యుడో, వేరే శాఖ మంత్రో. కనుక ఆయన్ని 'రవాణా నాయకుడు' అని ఒక్క మాటలో చెప్పేయడం అతిశయోక్తి అవుతుంది. మంత్రి పదవి వస్తుంది, పోతుంది. ప్రశ్న వేసే హక్కు మాత్రం ఓటర్లు గెలిపించినంత కాలం ఉంటుంది. ఆ హక్కును బస్సు కోసం ఎన్నిసార్లు వాడారు అన్నది ఏ శాసనసభ్యుని విషయంలోనైనా మీరు అడగవలసిన ప్రశ్న.

చేసి చూడండి

మీరు రోజూ తిరిగే ఒక దారి ఎంచుకోండి. వారం రోజులపాటు బస్సు వచ్చిన వేళ, మీరు చెల్లించిన చార్జీ ఒక కాగితం మీద రాసుకోండి. బస్సు లోపల చార్జీల పట్టిక అంటించి ఉందేమో చూడండి. ఉంటే, మీరు చెల్లించినదానితో సరిపోల్చండి. తేడా వస్తే మీ ఎమ్మెల్యేకు ఒక ఉత్తరం రాయండి. "బస్సులు సరిగా రావడం లేదు" అని రాస్తే ఎవరూ పట్టించుకోరు. తేదీ, వేళ, దారి, బండి నంబరు, చెల్లించిన మొత్తం రాయండి. ఉత్తరం పది వాక్యాలు మించకూడదు. సంపర్క తరగతికి వచ్చేటప్పుడు దాని నకలు తెచ్చుకోండి.

అభ్యాసం

1. జాతీయ రహదారి పాడైతే శాసనసభ్యుడు ఏమి చేయగలడు, ఏమి చేయలేడు? మీ మాటల్లో రాయండి.
2. సొంత కార్పొరేషను ఉన్న రాష్ట్రంలో, లేని రాష్ట్రంలో రవాణా మంత్రి చేతిలో ఉండే సాధనాలను పోల్చండి.
3. 14.6లోని లెక్కలో చార్జీ 25 రూపాయలు, ఉచిత ప్రయాణికులు 10 మంది అనుకుని నెల లోటు కట్టండి.
4. నక్షత్ర గుర్తు గల ప్రశ్నకు, గుర్తు లేని ప్రశ్నకు తేడా ఏమిటి? మీ ఊరి బస్సు గురించి ఒక్కొక్కటి చొప్పున తయారు చేయండి.

పాఠగత ప్రశ్నలకు జవాబులు

1. రాష్ట్ర జాబితాలో, 57వ అంశం.
2. బీహార్ శాసనసభకు. 1991 నాటికి జార్ఖండ్ రాష్ట్రం ఏర్పడలేదు.
3. 91వ సవరణ ప్రకారం మంత్రుల సంఖ్య సభ బలంలో 15 శాతం మించరాదు. సభలో 81 స్థానాలు.
4. రైలు నడపడం కేంద్రం పని. హటియా నుంచి జిల్లాలకు బస్సుల్లో చేర్చడం రాష్ట్రం పని.

అభ్యాసంలోని మూడవ ప్రశ్నకు జవాబు 26,000 రూపాయలు. వేరే అంకె వచ్చినవారు ట్రిప్పుల సంఖ్య మరోసారి చూసుకోండి.